విశ్వేశ్వరయ్య దివాన్ పదవి ఎందుకు వదిలారు?

సెప్టెంబరు 15 వస్తే మదనపల్లె, కుప్పం వంటి చోట్ల ఇంజనీరింగ్ కళాశాలల్లో మైసూరు తలపాగా ధరించిన పెద్దాయన పటానికి దండ పడుతుంది. కృష్ణరాజసాగరం గురించి, మూసీ వరదల నివారణ గురించి ఉపన్యాసాలు సాగుతాయి. ఆ ఇంజనీరు మైసూరు దివాన్ పదవిని ఎందుకు వదులుకున్నారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. సామాజిక న్యాయాన్ని అధ్యయనం చేసే విద్యార్థికి ఆయన జీవితంలో అన్నింటికన్నా ముఖ్యమైన ఘట్టం అదే.

మదనపల్లెకు పడమట, రాష్ట్ర సరిహద్దు దాటాక వచ్చే చిక్కబళ్లాపురం సీమలోని ముద్దెనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మస్థలం. తెలుగు మాట్లాడే ములకనాటి బ్రాహ్మణ కుటుంబం. ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతపు గ్రామానిది. తండ్రి చిన్నతనంలోనే పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకుంటూనే పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నారు. మైసూరు ప్రభుత్వమిచ్చిన ఉపకారవేతనంతో పూనా వెళ్లి ఇంజనీరింగ్‌లో ప్రథముడిగా నిలిచారు. ఆ పేదరికం నిజమే. అయితే అది అక్షరం నిషిద్ధం కాని ఇంటి పేదరికం. బడి గడప తొక్కనివ్వని వాడల పేదరికాన్నీ దీన్నీ ఒకే త్రాసులో తూచలేం.

1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు. ఖాందేశ్‌లో, సింధులోని సుక్కూరులో పనిచేశారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు ఆయన మేధకు నిదర్శనం: నీరు నిర్ణీత మట్టం దాటగానే తమంతట తామే తెరుచుకుంటాయి, తగ్గగానే మూసుకుంటాయి. అంతటి నిపుణుడైనా చీఫ్ ఇంజనీరు పీఠం అందని కాలమది. అది తెల్లదొరల సొత్తు. 1908లో ఆ కొలువు విడిచిపెట్టారు. యోగ్యత ఉన్నా పుట్టుక అడ్డురావడమంటే ఏమిటో ఆయనకు స్వానుభవమే.

ఆ ఏడాది సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచెత్తింది. నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్న ఆయన ప్రణాళిక నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాన్ అయ్యారు. కావేరిపై కృష్ణరాజసాగరం పనులు 1911లో మొదలయ్యాయి. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనే వెలిశాయి. బడుల విస్తరణకు ఆయన చేసిన కృషిని తక్కువ చేయనవసరం లేదు.

చిక్కు కొలువుల పంపకం దగ్గర వచ్చింది. జనాభాలో నూటికి నలుగురికి మించని బ్రాహ్మణుల చేతిలోనే మైసూరు ఉన్నతోద్యోగాల్లో అత్యధిక భాగం ఉండేది. 1917లో ప్రజామిత్ర మండలి ఏర్పడి బ్రాహ్మణేతరులకు వాటా అడిగింది. ఆ ఉద్యమానికి అండగా నిలిచినవారిలో మన చిత్తూరు బిడ్డ, అప్పట్లో మైసూరు విద్యాశాఖలో ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి ఒకరు. పొరుగున మద్రాసు రాజధానిలోనూ, అంటే పుంగనూరు, కుప్పం ఉన్న రాజ్యంలోనూ, జస్టిస్ పార్టీ అదే కోరింది. 1918లో మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. నియామకాలకు ప్రతిభ ఒక్కటే కొలబద్ద కావాలనీ, లేకుంటే పాలన దెబ్బతింటుందనీ భావించిన దివాన్ అందుకు సమ్మతించలేదు. ఆ ఏడాది చివరే తప్పుకున్నారు.

నిజాయితీపరుడు కనుక పదవిని పట్టుకు వేలాడలేదు; అది గౌరవించదగ్గదే. కానీ బొంబాయిలో తనకు అడ్డువచ్చిన గోడను గుర్తించిన కన్ను, మైసూరులో తనవారు నిలబడి ఉన్న అరుగును గుర్తించలేకపోయింది. తరతరాలుగా మట్టి తవ్వి, రాళ్లు కొట్టి చెరువులు కట్టిన వడ్డెరల ఇంటి నుంచి ఇంజనీరు ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆ కొలబద్దకు అందదు.

ఆయన తరువాత కాంతరాజ అరసు దివాన్ అయ్యారు. ఏడేళ్లలోగా పై ఉద్యోగాల్లో సగం, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు వెనుకబడిన వర్గాలకు చెందాలన్నది మిల్లర్ కమిటీ సిఫారసు. 1921లో మైసూరు ప్రభుత్వం ఆ దారిలో ఉత్తర్వులిచ్చింది. మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవో కూడా ఆ ఏడాదిదే. కృష్ణరాజసాగరం ఆ తరువాత, మిర్జా ఇస్మాయిల్ దివాన్‌గా ఉండగా, 1931లో పూర్తయింది.