స్నేహితులను అడిగిన బిషప్

ఈ మధ్య మాకు వస్తున్న ఉత్తరాల్లో, ఫోన్లలో ఒకే ప్రశ్న మాటిమాటికీ వినబడుతోంది. జనగామ ప్రాంతంలో పిల్లలు దూరదేశాలకు వెళ్లిపోయిన ఇళ్లలోని తల్లిదండ్రులు అడుగుతున్నారు. భూపాలపల్లి అడవి పల్లెల్లో పరిచర్య చేస్తున్న కాపరులూ అడుగుతున్నారు. దేవుడు తోడుండగా మనుషుల తోడు కోసం ఆరాటపడటం విశ్వాసలోపమా? ఒంటరిగా ఉండి ఆనందించలేకపోవటం ఆత్మీయ బలహీనతా?

దీనికి ఒక ప్రసంగంతో జవాబు చెప్పవచ్చు. కానీ మన మధ్యనే బ్రతికిన ఒక మనిషి జీవితంతో చెప్పటం మేలని మాకు తోచింది.

కాజీపేట నుంచి విజయవాడ వైపు వెళ్లే రైలు మహబూబాబాద్, గార్ల దాటాక డోర్నకల్ జంక్షన్ చేరుతుంది. బొగ్గు గనుల వైపు మార్గం అక్కడే విడిపోతుంది. ఆ ఊళ్లో ఎపిఫనీ కెథడ్రల్ ఉంది. మసీదు గుమ్మటాలను, గుడి మండపపు స్తంభాలను తలపించే ఆ ఆలయాన్ని చూసినవారు మరచిపోలేరు. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారి పేరు మనలో చాలామందికి తెలుసు. ఆయన పేరుతో బడులున్నాయి. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అని సండేస్కూల్లో చదువుకున్నాం. అయితే ప్రపంచంలోని మిషనరీ నాయకులందరి ముందు నిలబడి ఆయన ఏమి అడిగారో చాలామందికి తెలియదు. ఆయన అడిగింది స్నేహితులను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘకాపరి. తల్లి ఎలెన్ కొడుకు కోసం చాలా ఏళ్లు ఎదురుచూసింది. హన్నాలాగే ప్రార్థించి, హన్నాలాగే బిడ్డకు సమూయేలు పేరు పెట్టుకుంది. కుర్రవాడు ఇంకా బడిలో ఉండగానే తండ్రి చనిపోయాడు. తల్లి పెంపకంలో, హాస్టళ్లలో చదువు సాగింది. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు గానీ పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో చేరి, 1909 వరకు దక్షిణ భారతమంతా తిరిగారు.

ఆ తిరుగుడులో ఆయనకు దొరికిన పెద్ద వరం షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుని స్నేహం. ఎడ్డీ 1896లో మన దేశానికి వచ్చారు. ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసువారు. కలిసి ప్రయాణం చేశారు, కలిసి ప్రార్థించారు, విద్యార్థుల మధ్య కలిసి పనిచేశారు. తెల్లవాడు పెద్దగా, నల్లవాడు సహాయకుడిగా ఉండటమే రివాజైన రోజులవి. అటువంటి కాలంలో ఈ ఇద్దరూ సమానులుగా మెలిగారు. సమానంగా చూసే స్నేహం ఎలా ఉంటుందో అజరయ్య గారు అనుభవంతో తెలుసుకున్నారు. అది కరువైన చోట లోటు ఎంతటిదో కూడా ఆయనకు అందువల్లనే తెలిసింది.

1902లో ఆయన యాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత మనుషులను, సొంత డబ్బును ఇచ్చి ఇతర ప్రాంతాలకు సువార్త పంపటం చూశారు. తిరునల్వేలి సంఘం వారి కంటే పెద్దదై ఉండి ఆ పని చేయలేదన్న బాధ ఆయనను వదలలేదు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయులే వెళ్లాలి, భారతీయులే ఖర్చు భరించాలి, భారతీయులే నడిపించాలి అన్నది దాని నియమం. ఆ సొసైటీ తన పనికి ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

సొసైటీని నడిపిస్తూ ఇతరులను పంపుతూ ఉండిన అజరయ్య గారికి, నేనే ఎందుకు వెళ్లకూడదన్న ప్రశ్న ఎదురైంది. 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. మద్రాసులో పేరు, పలుకుబడి, స్నేహితులు ఉన్న మనిషి, నోట తెలుగు ముక్క రాకుండా ఒక మారుమూల రైల్వే జంక్షన్‌కు చేరారు. భాష రాని చోట నలుగురి మధ్య ఉన్నా మనిషి ఒంటరివాడే. ఆయన బడిపిల్లవాడిలా తెలుగు దిద్దుకున్నారు. తర్వాతి రోజుల్లో తెలుగులో పల్లెపల్లెనా బోధించారు. మన ఊళ్ల పెద్దలతో వారి భాషలోనే కూర్చుని మాట్లాడారు. ఒకరి భాష నేర్చుకోవటం కూడా స్నేహం కోరటమే కదా.

డోర్నకల్ వచ్చిన మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆసియావారు ఇరవై మందికి మించరు. ఒక సాయంకాలం మాట్లాడే వంతు అజరయ్య గారికి వచ్చింది. విదేశీ పనివారు, స్వదేశీ పనివారు కలిసి పనిచేయటం అన్నది ఆయనకిచ్చిన అంశం.

మెప్పుకోలు మాటలు చెప్పి దిగిపోవచ్చు. చాలామంది అదే ఎదురుచూశారు. ఆయన మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెప్పారు, వారి ప్రయాసను గౌరవించారు. ఆ తర్వాత ఉన్నమాట చెప్పారు. ఒకే ప్రభువును సేవించే ఇద్దరు పనివారి మధ్య యజమానికీ జీతగాడికీ ఉండే దూరం ఉందన్నారు. పరలోకంలో సింహాసనాల గురించి బోధించే ఇళ్లలో భారతీయ సేవకునికి కూర్చోవటానికి కుర్చీ దొరకటం లేదన్నారు. ఒకరింట ఒకరు భోజనం చేయకుండా ఏళ్లకేళ్లు కలిసి పనిచేసే పరిస్థితిని బయటపెట్టారు. ఆస్తినిచ్చారు, ప్రాణాలనూ ఇచ్చారు, వాటితోపాటు ప్రేమనూ ఇమ్మని అర్థించారు. చివరికి తమకు కావలసింది స్నేహితులని చెప్పి ముగించారు.

సభలో కొందరికి అది ముల్లులా గుచ్చుకుంది. కొందరు కోపపడ్డారు. నూరేళ్లు దాటినా ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది అదే.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి గమనించాలి. అలా అడిగిన మనిషి ఏకాంతమంటే భయపడేవాడు కాదు. ఊరు మేలుకోకముందే లేచి, వేకువ చీకట్లో దేవుని సన్నిధిలో గడపటం ఆయన జీవితకాలపు అలవాటు. అయితే ఆ వేకువ వేళ ఆయన ఒంటరిగా వెళ్లేవారు కాదు. తన గురువులను, ఉపదేశకులను, సంఘాలను ఒక్కొక్కరినీ ప్రార్థనలో తీసుకుని వెళ్లేవారు. ప్రార్థన ముగిశాక మళ్లీ వారి దగ్గరికే బయలుదేరేవారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. ఒక భారతీయుని కింద తెల్లవారు పనిచేయటం ఎలా అని అభ్యంతరం చెప్పినవారూ తక్కువేమీ కాదు. ఆనాటి నుంచి 1945లో కన్నుమూసే వరకు మన దేశంలో సొంత అధ్యక్షఖండం ఉన్న ఆంగ్లికన్ బిషప్పుల్లో భారతీయుడు ఆయన ఒక్కరే. ముప్పై రెండేళ్లు! బిషప్పుల కూడికల్లో తన రంగు, తన పుట్టుక గలవాడు మరొకడు లేని కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. అది ఆయన కోరుకున్న ఏకాంతం కాదు. అప్పటి వ్యవస్థ ఆయన మీద మోపిన ఒంటరితనం.

దాని వల్ల మనసు చేదెక్కి తన గదిలో ముడుచుకుని ఉండవచ్చు. ఆయన పల్లెల్లోకి నడిచారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన వెళ్లి, గుడారాల్లో బస చేసి ఊరూరా తిరిగారు. ఆయన ఎక్కువగా వెళ్లింది ఊరి మధ్యలోకి కాదు, ఊరి చివరనున్న మాలపల్లెకు, మాదిగవాడకు. అక్కడి జనానికి ఒంటరితనం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. బావి దగ్గర, బడి దగ్గర, గుడి దగ్గర ఎడంగా నిలబెట్టిన జనం వారు. ఎడిన్‌బరోలో కుర్చీ గురించి మాట్లాడిన మనిషి ఇక్కడ వారి మధ్య కూర్చున్నారు.

బాప్తిస్మం పొందినవారిని తమ తలమీద తామే చెయ్యి పెట్టుకోమనేవారట. సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను ప్రతి ఒక్కరిచేతా పలికించేవారు. నిన్నటి వరకు ఎవరూ పలకరించని మనిషి ఆ రోజు నుంచి ఇంకొకరిని పలకరించవలసిన మనిషి అయ్యాడు. అధ్యక్షఖండం కృష్ణా, గోదావరి తీరాల వరకు విస్తరించింది. ఆయన కాలం ముగిసేసరికి వందకు పైగా భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఆ పనిలో ఉన్నారు. ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్ గారు, కళాశాలలో చదువుకున్న తొలి తరం దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో ఒకరు, స్త్రీల మధ్య పరిచర్య చేశారు.

సంఘాల విషయంలోనూ ఆయనది ఇదే మనసు. 1919లో తరంగంబాడిలో వేర్వేరు శాఖల సేవకులు కూడినప్పుడు ఆయన ముందుండి ఐక్యత కోసం పిలుపునిచ్చారు. చీలిపోయిన సంఘాలు పల్లె జనానికి ఏ ప్రేమను చూపగలవన్నది ఆయన వేదన. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న వాదం వచ్చినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. దేశ జనంలో నుంచి వేరుపడి గోడ కట్టుకుంటే సంఘం తన పనినే పోగొట్టుకుంటుందని ఆయన భయం. సామూహిక మార్పిడుల విషయంలో గాంధీగారితో విభేదించినప్పుడు కూడా ఆయన ఈ దేశపు మనిషిగానే నిలబడ్డారు.

1939 జనవరి 6న ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ముప్పై ఏళ్ల ముందు తాను పరాయివాడిగా దిగిన ఊళ్లో ఈ నేల పోలికలతోనే ఆయన ఆలయం కట్టించారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన ఆశించిన ఐక్యత, దక్షిణ ఇండియా సంఘంగా, 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. దాన్ని ఆయన చూడలేదు.

ప్రియులారా, ఈ జీవితంలో నుంచి మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఏకాంతం మనం ఎంచుకునేది. ఒంటరితనం ఇతరులు మనకు మిగిల్చేది. మొదటిది వరం, దాన్ని కాపాడుకోవాలి. రెండవది గాయం, దానికి భక్తి అనే పేరు పెట్టి దాచకూడదు. మన ప్రభువు తెల్లవారకముందే లేచి అరణ్యానికి వెళ్లి ఒంటరిగా ప్రార్థించాడు. ఆ ప్రభువే గెత్సేమనేలో ముగ్గురు శిష్యులను వెంట తీసుకుని, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. దేవుని కుమారుడే అడిగిన సహవాసాన్ని మనం అడిగితే అది లోపమెలా అవుతుంది?

ఇక మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం భూపాలపల్లి వైపు ఒక పల్లెలో కూడికకు వెళ్లాము. కూడిక ముగిశాక అక్కడి కాపరి, ఈ రాత్రికి మా ఇంట్లోనే ఉండండి అయ్యగారూ అని అడిగారు. మరుసటి ఉదయం వేరే చోట పని ఉందని చెప్పి కారెక్కాము. ఆయన ఇంకేమీ అనలేదు. దారి మలుపు తిరిగేవరకు నిలబడే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన పరిచర్య విడిచిపెట్టారని విన్నాము. ఎందుకని వెళ్లి అడిగే ధైర్యం మాకు చాలలేదు. ఆయన మమ్మల్ని ప్రసంగం అడగలేదు, డబ్బు అడగలేదు, ఒక్క రాత్రి అడిగారు. ఏకాంత ప్రార్థన గురించి ఎన్నో పాఠాలు చెప్పిన మేము, ఆ పాఠాల్లో స్నేహం గురించి ఒక్కటైనా చెప్పామా అని ఇప్పుడు మమ్మల్ని మేమే అడుగుకుంటున్నాము.

కాబట్టి ఈ వారం మా మనవి చిన్నది. వేకువనే లేచి ప్రభువుతో ఏకాంతంగా గడపండి. ఆ సమయంలో ముగ్గురి పేర్లు ఆయన ముందు పెట్టండి: ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దమనిషి, దూరపు పల్లెలో ఉన్న ఒక కాపరి కుటుంబం, మీ సంఘంలో చివరి వరుసలో కూర్చుని ఎవరూ పలకరించకుండానే ఇంటికి వెళ్లిపోయే ఒక మనిషి. ప్రార్థన ముగిశాక వారి ఇంటికి వెళ్లండి. వెళితే భోజనానికి ఉండండి. ఒంటరితనంతో బాధపడుతున్నది మీరే అయితే, సిగ్గుపడకుండా ఎవరినైనా అడగండి. మన డోర్నకల్ బిషప్ అంతటివారు, లోకమంతా చూస్తుండగా, అడిగారు.

ఆయన అడిగి నూరేళ్లు దాటింది. ఆ రోజు కుర్చీలు ఇవ్వవలసినవారు పరదేశులు. ఈ రోజు మన ఇళ్లలో కుర్చీలు ఉన్నాయి. వాటిని ఎవరి కోసం వేస్తున్నామో పరీక్షించుకునే కృప ప్రభువు మనకు దయచేయును గాక.