రామగిరి నీడన రాజనీతిని కూర్చిన మడికి సింగన

పెద్దపల్లి నుండి మంథనికి వెళ్లే దారిలో కనిపించే రామగిరి ఖిల్లాకు నేడు వనమూలికలను వెదుకుతూ వచ్చేవారే ఎక్కువ. ఆరు శతాబ్దాల క్రితం ఆ కొండకోట సబ్బినాటికి రాజధాని. ముప్పభూపాలుడు అక్కడి నుండి ఈ ప్రాంతాన్ని ఏలాడు. అతని కోట ప్రాకారాలు శిథిలమైనా, ఆ రాజ్యంతో ముడిపడిన ఒక కవి పేరు సాహిత్య చరిత్రలో నిలిచింది. ఆ కవి మడికి సింగన.

సింగన జీవించిన కాలాన్ని తెలుసుకోనిదే ఆయన కృషి విలువ బోధపడదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైంది. కాకతీయ సామ్రాజ్యంతో పాటు దానిని నడిపిన పాలనా యంత్రాంగమూ చెల్లాచెదురైంది. తరువాత ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచినా ఆ విజయం ఒక తరం మించి నిలువలేదు. పదునైదవ శతాబ్దం ఆరంభమయ్యే నాటికి పడమట బహమనీ సుల్తానులు, దక్షిణాన రాచకొండ, దేవరకొండల వెలమ ప్రభువులు, ఇంకా దిగువన విజయనగర రాయలు, తీరాన రెడ్డి రాజులు. వీరందరి నడుమ రామగిరి వంటి చిన్న రాజ్యం నిలదొక్కుకోవాలి. అందుకు కోటగోడల బలం ఒక్కటే చాలదు. పన్ను వసూలు చేయడం, లెక్క వ్రాయడం, రాయబారం నడపడం, నమ్మదగినవారిని కొలువులో నిలుపుకోవడం తెలిసినవారు కావాలి.

సింగన అటువంటి వర్గంలోనే జన్మించాడు. ఆయన తండ్రి అయ్యలమంత్రి. వంశం మంత్రిత్వం నెరపిన నియోగి కుటుంబం. ఇంటిపేరు గోదావరి దిగువ తీరంలోని మడికి గ్రామం నుండి వచ్చింది. అదే నది ఎగువన మంథని, ధర్మపురి క్షేత్రాలను తాకుతూ ప్రవహిస్తుంది. అక్షరం, లెక్క తెలిసిన కుటుంబాలు ఒక కొలువు నుండి మరొక కొలువుకు తరలిపోవడం ఆనాడు సామాన్యమే.

ముప్పభూపాలుని మంత్రి కందనామాత్యుడు సింగనను ఆదరించాడు. 1420 ప్రాంతంలో సింగన తెలుగు చేసిన పద్మపురాణోత్తర ఖండం ఆయనకే అంకితమైంది. కృతిభర్త రాజు కాక మంత్రి కావడం గమనింపదగినది. సింగన భాగవత దశమ స్కంధాన్ని ద్విపదలో రచించాడు. జ్ఞానవాసిష్ఠాన్ని వాసిష్ఠ రామాయణంగా తెనిగించి అహోబల నరసింహునికి సమర్పించాడు.

అయితే ఈ వ్యాసకర్త దృష్టిలో సింగనకు శాశ్వత కీర్తి తెచ్చినది వీటిలో ఏదీ కాదు, సకలనీతి సమ్మతము. తెలుగులో తొలి సంకలన గ్రంథంగా పండితులు దానిని పరిగణిస్తారు. తనకు ముందు రాజనీతిపై వెలువడిన తెలుగు గ్రంథాలను సింగన సేకరించి, వాటి నుండి పద్యాలను ఎన్నుకొని, విషయానుసారంగా ఒకచోట కూర్చాడు. కాకతి రుద్రదేవునిదిగా చెప్పే నీతిసారము, గణపతిదేవుని గురువు శివదేవయ్య పేర వినవచ్చే పురుషార్థసారము, బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, ఆంధ్రభోజుని నీతిభూషణము, క్షేమేంద్రుని ముద్రామాత్యము, ఇంకా పంచతంత్రి, కామందకము ఆయనకు ఆధారాలు.

రాజు, మంత్రి, రాష్ట్రం, దుర్గం, కోశం, బలం, మిత్రుడు అనే ఏడు అంగాల చుట్టూ తిరిగే విద్య ఇది. దూతను ఎన్నుకొనే తీరు, వేగులవారిని నడిపే నేర్పు, సేవకుడు రాజు ఎదుట మెలగవలసిన విధం వంటివి దాని పరిధిలోనివి. ధర్మశాస్త్రం పరలోకాన్ని చూస్తే నీతిశాస్త్రం ఇహలోకంలో రాజ్యం నిలిచే ఉపాయాన్ని చూస్తుంది. ఆధునిక చరిత్రకారులలో వెల్చేరు నారాయణరావు, సంజయ్ సుబ్రహ్మణ్యం ఈ భేదాన్ని ప్రత్యేకంగా చర్చించి, తెలుగు నీతి గ్రంథాలను దక్షిణ భారత రాజకీయ చింతనకు సాక్ష్యాలుగా చూపారు. మరుసటి శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన రాజనీతి ఈ పరంపరకు చెందినదే.

రాజ్యాలు పుట్టి పడిపోయే క్రమంపై ఆ యుగంలో ఇతర దేశాల వారూ ఆలోచించారు. ఉత్తర ఆఫ్రికాలో ఇబ్న్ ఖల్దూన్ 1377లో తన ముఖద్దిమాను రచించాడు. ఇటలీలో మాకియవెల్లి 1513లో రాజును గూర్చిన గ్రంథాన్ని వ్రాశాడు. వారు తమ మాటగా చెప్పారు, సింగన పూర్వుల మాటలను ఏరి కూర్చాడు. సంకలనమే కదా అని కొందరు తేలికగా తీసివేయడం న్యాయం కాదు. ఏది ఉంచాలి, ఏది విడవాలి అన్న నిర్ణయంలోనే కొలువు ఎరిగినవాని వివేకం కనబడుతుంది.

సింగన అనంతరం ఈ ప్రాంతం రాజకీయ స్వరూపం త్వరలోనే మారింది. 1425 నాటికి ఓరుగల్లు బహమనీల పాలైంది. తాళపత్రాలలో ఉండిపోయిన సకలనీతి సమ్మతాన్ని మానవల్లి రామకృష్ణకవి 1923లో ప్రకటించారు. 1970లో నిడుదవోలు వెంకటరావు, పోణంగి శ్రీరామ అప్పారావుల పరిష్కరణతో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దానిని మరల ముద్రించింది. బద్దెన గ్రంథం విడిగా దొరికింది. ముద్రామాత్యము, నీతిభూషణము, పురుషార్థసారము మాత్రం లభించలేదు. వాటి పద్యాలను చదవాలనుకొనేవారు నేటికీ సింగన సంకలనాన్నే ఆశ్రయిస్తున్నారు.