అడవికి పద్దు రాసిన దొర

రికార్డు లేని ఆస్తి నిలవదని మనం సర్వీసులో నేర్చుకున్నాం. మన అడవులకు అటువంటి రికార్డు రాసిన మహనీయుడు సర్ హ్యారీ జార్జ్ ఛాంపియన్. 1891లో ఇంగ్లండులో ఒక కీటక శాస్త్రవేత్త ఇంట జన్మించారు. 1915లో ఇంపీరియల్ ఫారెస్ట్ సర్వీసులో చేరి భారతదేశం వచ్చారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేశారు. వర్షపాతం, ఉష్ణోగ్రత, నేల, చెట్ల జాతులను బట్టి దేశంలోని అడవులను వర్గీకరించి 1936లో గ్రంథం వెలువరించారు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులయ్యారు. 1968లో ఎస్.కె. సేథ్‌తో కలిసి ఆ గ్రంథాన్ని సవరించి, అడవులను 16 తరగతులుగా విభజించారు. మన రాయలసీమ ఎర్రచందనం అడవికీ అందులో ప్రత్యేక పద్దు ఉంది. ఆయన 1979లో కన్నుమూశారు. నేటికీ అటవీ శాఖ పటాలకు ఆ వర్గీకరణే ఆధారం. రేపు ఒక అడవి పోతే, పోయినది ఏమిటో చెప్పడానికి ఆ పద్దే సాక్ష్యం.