తన జబ్బు దాచి... లోకం జబ్బు చెప్పింది

మా చిన్నప్పుడు సంగారెడ్డిలో పట్నం బస్సెక్కితే, పటాన్‌చెరు వచ్చిన సంగతి కళ్లకంటే ముందు ముక్కుకి తెలిసేది. ఆడవాళ్లంతా గబగబా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఒళ్లో నిద్రపోతున్న పసిపిల్లలు చిరాగ్గా లేచి ఏడ్చేవాళ్లు. ఈ వాసనేమిటని అమ్మనడిగితే, మందుల ఫ్యాక్టరీలనేది. జబ్బు తగ్గించే మందులైతే కడుపులో ఎందుకు తిప్పుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు నక్కవాగుకి దగ్గర. మంజీరలో కలిసే వాగు అది. నీళ్ల రంగు మారిందనీ, బర్రెలు మూతి పెట్టి తాగకుండానే తిరిగొస్తున్నాయనీ మా ఇంట్లో మొదట గమనించింది అమ్మమ్మే. చదువురాని ముసలావిడ చాదస్తం కింద కొట్టిపారేశారంతా. చదువుకున్న నేనూ అంతే! పెళ్లై, పిల్లలు పుట్టి, వాళ్లు బడికెళ్లాక దొరికే మధ్యాహ్నాల్లో రేచల్ కార్సన్ జీవితం చదువుతున్నప్పుడు అమ్మమ్మ మళ్లీ గుర్తొచ్చింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి మా నక్కవాగు అనుకోకండి. ఆవిడ కథ కూడా ఒక కంపు కొట్టే ఊళ్లోనే మొదలైంది.

రేచల్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టింది. అలెఘనీ నది ఒడ్డున చిన్న ఊరు. అక్కడ జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. ఊళ్లో అడుగుపెట్టిన వాళ్లకి ముందుగా దాని కంపే స్వాగతం చెప్పేది. తర్వాత ఊరికి అటొకటి, ఇటొకటి కరెంటు తయారీ కేంద్రాలు కూడా వచ్చాయి. నది పాడవడం, గాలి మసిబారడం ఆమె కళ్లముందే జరిగాయి.

తల్లి మరియా పెళ్లికి ముందు టీచరు. పెళ్లైన ఆడవాళ్లకి టీచరు ఉద్యోగం ఇవ్వని రోజులవి. బళ్లో చెప్పలేని పాఠాలన్నీ ఆ తల్లి కూతురికి చెట్ల మధ్య చెప్పింది. ఏ పిట్ట ఏ గొంతుతో పాడుతుందో, ఏ పురుగు ఏ ఆకు తింటుందో చూపిస్తూ తిప్పింది. పదకొండేళ్లకే రేచల్ కథ పిల్లల పత్రికలో అచ్చయింది. రచయిత్రిని కావాలని కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంది. కానీ అక్కడి లెక్చరరు మేరీ స్కింకర్ జీవశాస్త్రం చెప్పే తీరు చూసి సబ్జెక్టు మార్చేసుకుంది. ఇక రచన తన చేయి జారిపోయినట్టేనని అనుకుందట. ఆ రెండూ కలిసే చోటే తన జీవితం ఉందని ఆమెకప్పుడు తెలీదు.

1932లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎం.ఎ. పూర్తి చేసింది. ఆ పైచదువు డబ్బుల్లేక ఆగిపోయింది. 1935లో తండ్రి పోయాడు. ఇంటి భారం రేచల్ మీద పడింది. చేపల శాఖలో రేడియో కార్యక్రమాలకి రాసే చిన్న పని దొరికింది. 1936లో ఉద్యోగ పరీక్ష రాసి అదే శాఖలో జీవశాస్త్రవేత్తగా చేరింది. మరుసటేడు అక్క ఇద్దరు ఆడపిల్లల్ని వదిలేసి కన్నుమూసింది. వాళ్లనీ, తల్లినీ సాకడం ఈమె వంతే అయింది. పగలు ఆఫీసు, రాత్రి రచన. మన ఇళ్లల్లో అందరూ పడుకున్నాక కాయితం, కలం పట్టుకు కూర్చునే వాళ్లకి ఆ రాత్రులెలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

సముద్రం గురించి ఆమె రాసిన మొదటి పుస్తకం 1941లో వచ్చింది. యుద్ధం గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ల తర్వాత 1951లో వచ్చిన రెండో పుస్తకం, ద సీ అరౌండ్ అస్, మాత్రం ఆమె దశ తిప్పేసింది. ఆ డబ్బుతో 1952లో ఉద్యోగం మానేసి, మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు కట్టుకుంది. హాయిగా రాసుకోవచ్చనుకుంటుండగా 1957లో తను పెంచిన అక్క కూతురు చనిపోయింది. ఆ అమ్మాయి కొడుకు రోజర్‌కి అయిదేళ్లు. యాభై ఏళ్ల వయసులో రేచల్ వాడిని దత్తత తీసుకుని మళ్లీ తల్లయింది.

అప్పుడే, 1958 జనవరిలో, ఒక ఉత్తరం వచ్చింది.

రాసింది ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలు. మసాచుసెట్స్‌లో వాళ్ల ఇంటి చుట్టూ పక్షుల కోసం వదిలిన తోట ఉంది. దోమల్ని చంపడానికి విమానంతో డి.డి.టి. మందు చల్లారు. మర్నాటి నుంచీ తోటలో పిట్టలు చచ్చిపడ్డాయి. ఆపే దారేదైనా ఉందా అని ఆమె ఆవేదన. డి.డి.టి.కి అప్పట్లో దేవుడంత పేరు. టైఫస్, మలేరియా లాంటి జబ్బుల్ని మోసే పురుగుల్ని చంపుతుందని యుద్ధకాలంలో లోకమంతా వాడారు. ఆ గుణం కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అలాంటి మందు మీద వేలెత్తి చూపిస్తే ఎవరు వింటారు? రేచల్ మొదట వేరెవరితోనైనా రాయిద్దామని చూసింది. ఎవరూ ముందుకి రాలేదు. చివరికి తనే కూర్చుంది.

నాలుగేళ్ల పాటు ఎక్కడెక్కడి పరిశోధనలో తెప్పించి చదివింది. మిషిగన్ రాష్ట్రంలో ఎల్మ్ చెట్లకి తెగులొస్తే మందు కొట్టారు. ఆకులు రాలాయి. ఆ ఆకుల్ని వానపాములు తిన్నాయి. వానపాముల్ని తిన్న రాబిన్ పిట్టలు గిలగిల్లాడి చచ్చాయి. పిట్టల మీద ఎవరూ మందు కొట్టలేదు సుమా! కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే సరస్సులో చిన్న దోమల కోసం డి.డి.టి.కి చెల్లెలు లాంటి మందు కలిపారు. నీటిలో అది పది లక్షల పాళ్లకి 0.02 పాలు. నీటి నాచులో 5 పాళ్లయింది. నాచుని తిన్న చిన్న చేపల్లో, వాటిని తిన్న పెద్ద చేపల్లో పెరుగుతూపోయి, ఆ చేపలు తినే గ్రీబ్ పక్షుల కొవ్వులో 1600 పాళ్లకి చేరింది. వెయ్యి జంటలకి పైగా ఉన్న గ్రీబ్‌లు 1960 నాటికి 30 జంటలకి పడిపోయాయి. ఒంట్లో చేరిన మందు బయటికి పోకుండా కొవ్వులో పేరుకుంటుంది, అదీ సంగతి. ఆ గొలుసులో చివరి కొస మనిషే. తల్లి పాలలో కూడా ఈ మందుల జాడలు దొరికాయని ఆమె రాసినప్పుడు ఎందరు తల్లుల గుండెలు జారాయో!

ఇంకో మాట కూడా చెప్పింది. అదే పనిగా మందు కొడుతుంటే పురుగులు దానికి అలవాటు పడిపోతాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచెయ్యదు అని. ఏ మందూ వాడొద్దని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. తెలిసి, చూసి, అవసరమైనంతే వాడమంది.

పుస్తకం సగంలో ఉండగా 1960లో ఆమెకి రొమ్ము ఆపరేషను జరిగింది. అది క్యాన్సరని డాక్టరుకి తెలుసు. కానీ ఆమెతో చెప్పలేదు! అలాంటి కబురు భర్తతో చెప్పడమే ఆనాటి రివాజు. రేచల్‌కి పెళ్లి కాలేదు. నెలల తర్వాత గడ్డ మళ్లీ కనిపిస్తే, ఇంకో డాక్టరు దగ్గరికెళ్లి అడిగితేగాని నిజం తెలీలేదు. క్యాన్సర్ గురించి దేశంలోని పరిశోధనలన్నీ చదువుతున్న మనిషి దగ్గరే ఆమె క్యాన్సర్‌ని దాచారు. ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మన ఇళ్లల్లో ఇప్పటికీ ఎంతమంది ఆడవాళ్ల రిపోర్టులు ముందు మగవాళ్ల చేతికి వెళ్లడం లేదు?

ఆ తర్వాత దాచడం ఆమె వంతయింది. తన జబ్బు సంగతి అతి దగ్గరివాళ్లకి తప్ప తెలియనివ్వలేదు. తెలిస్తే, జబ్బు మనిషి అక్కసుతో రాసిందంటారు, రుజువులన్నీ గాలికి పోతాయి. రేడియేషను చికిత్స, కీళ్ల నొప్పులు, కొన్ని వారాలు కళ్లు కూడా కనిపించని స్థితి. అప్పుడు పక్కనున్నవాళ్లు చదివి వినిపిస్తుంటే దిద్దుకుంది.

1962 జూన్‌లో పత్రికలో సీరియల్‌గా, సెప్టెంబరులో పుస్తకంగా సైలెంట్ స్ప్రింగ్ వచ్చింది. పిట్టల పాట వినిపించని వసంతమన్నమాట. మందుల కంపెనీలు భగ్గుమన్నాయి. పెళ్లి కాని ఆడదానికి రాబోయే తరాల గురించి బెంగెందుకని వెటకారం చేశారు. కమ్యూనిస్టన్నారు, పిచ్చిదన్నారు. విగ్గు పెట్టుకుని, నొప్పి కనపడనివ్వకుండా టీవీ కెమెరా ముందు కూర్చుని నింపాదిగా జవాబులు చెప్పింది. 1963 మేలో అమెరికా అధ్యక్షుడి సైన్సు సలహా సంఘం ఆమె చెప్పిన ప్రమాదం నిజమేనని తేల్చింది. జూన్‌లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్లకే కన్నుమూసింది. రోజర్‌కి అప్పటికి పన్నెండేళ్లు. 1972లో అమెరికాలో పంటల మీద డి.డి.టి. వాడకం నిషేధించారు. అది చూడ్డానికి ఆమె లేదు.

ఇప్పుడు మళ్లీ మన బస్సులోకొద్దాం. పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. స్వీడన్ పరిశోధకులు ఇక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగుని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించి, 2007లో వివరాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! అలాంటి నీళ్లలో పెరిగే క్రిములు మందుకి అలవాటు పడతాయి. పురుగుల గురించి రేచల్ రాసిన హెచ్చరికే ఇది.

రాబందుల సంగతి మరీ దారుణం. మనం ఒళ్లునొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్ పశువులకిస్తే, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి చనిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అప్పటికే ఊరి చివర ఆకాశం ఖాళీ అయిపోయింది. ఇక్కడా అంతే, రాబందులకి ఎవరూ మందు పెట్టలేదు.

ఓల్గా చేసిందల్లా తోటలో చూసింది చూసినట్టు రాయడం. దాన్ని నమ్మి, రుజువులు వెతికే మనిషి దొరికింది కాబట్టి లోకం విన్నది. బర్రెలు నీళ్లు తాగట్లేదని చెప్పిన మా అమ్మమ్మ మాట ఎవరూ రాసుకోలేదు. ఏ సంవత్సరమో, ఏ నెలో కూడా ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆవిడా లేదు.

అందుకే పాలవాడి లెక్కలు రాసుకునే నోటుబుక్కులో వెనక నాలుగు పేజీలు విడిగా పెట్టుకున్నాను. బోరు నీళ్లు రంగు మారిన తేదీ, పిల్లల ఒంటి మీద దద్దుర్లు లేచిన రోజు, పెరట్లో పిచ్చుకలు కనిపించని నెల రాస్తున్నాను. మొన్న మా అమ్మాయి చూసి, ఇవెందుకమ్మా అంది. ఎవరైనా అడిగితే చెప్పడానికన్నాను. ఎవరూ అడక్కపోతేనో అంది. మనమే ఉత్తరం రాద్దామన్నాను.