పోటీకి పంపిన కావ్యము

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు వినని తెలుగువారు అరుదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులుగను, విమర్శకులుగను, మహావక్తగను వారిని లోకమెరుగును. కాని మేమిచట చెప్పదలచినది ఆ పెద్దలను గూర్చి కాదు. ఈ చెన్నపట్నముననే చదువుకొనిన యొక పిన్న విద్యార్థిని గూర్చి.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. నాడు చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. తెలుగును, తమిళమును ఇరుగుపొరుగుగా వినబడు సీమ యది. పై చదువులకై వారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఆ కళాశాల 1937లో తాంబరమునకు తరలినది గాని, అప్పుడు నేటి జార్జిటౌను ప్రాంతముననే యుండెను. అచట పాఠములన్నియు ఆంగ్లమున నడచెడివి.

1899లో కళాశాలయందలి తెలుగు సమాజమువారు కావ్యరచనకు పోటీ నేర్పరచిరి. ఇరువదియేండ్లైనను నిండని రెడ్డిగారు రాజులను, దేవతలను వర్ణింపబూనక, అనంతపురము ప్రాంతపు జనుల నోట నిలిచిన కథనొకదానిని గైకొనిరి. బుక్కరాయసముద్రము చెరువుకట్ట వరదకు తెగనున్నది. ముసలమ్మ బలియైనగాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడినది. పేరు ముసలమ్మయే గాని, ఆమె పడుచు కోడలు. ఊరి మేలునకై అయినవారి యొద్ద సెలవు గైకొని, ఆ గండిలో తన ప్రాణము నర్పించినది.

కావ్యము శుభాంతముగ ముగియవలెనను సంప్రదాయమును కాదని, కథ యెట్లు ముగిసెనో యట్లే రెడ్డిగారు ముగించిరి. ముసలమ్మ మరణమను ఆ చిన్న కావ్యమునకు బహుమతి లభించినది, 1900లో అచ్చయినది. ఆధునికాంధ్ర కవిత్వమునకు తొలి వెలుగులలో నొకటిగా విమర్శకులు దానిని గణింతురు. గురజాడవారి ముత్యాల సరములకు అది పదియేండ్లు పెద్ద!

పిమ్మట వారు కేంబ్రిడ్జిలో చదివి, అచటి విద్యార్థుల యూనియనుకు ఉపాధ్యక్షులుగ నెన్నికైరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ బాధ్యత వహించిరి. ప్రభుత్వపు నిర్బంధవిధానమునకు నిరసనగా 1930లో రాజీనామా యిచ్చిరి. మరల 1936 నుండి 1949 వరకు ఆ పదవి నలంకరించిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

మేము ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఈ నగరమునకు వచ్చిన క్రొత్తలో, తెలుగు కావ్యములు తెలుగునేలపైననే పుట్టునని తలచితిమి. ఆ తలంపు తప్పని ఈ కథయే మాకు నేర్పినది. ఈ సంచికకు రచనలు కోరినపుడు పలువురు పిల్లలు తమ తెలుగు బాగుండదని వెనుకంజ వేసిరి. ఒక బాలుడు వ్రాసిన గేయమును నోటుపుస్తకములోనే దాచుకొనెను, మేమడిగినను ఈయలేదు. రెడ్డిగారును అట్లే దాచుకొనియున్నచో ముసలమ్మ మనకు దక్కెడిదా?

తలిదండ్రులారా! మీ సొంతయూరి చెరువును గూర్చి, గుడిని గూర్చి, అవ్వలు చెప్పిన కథలను గూర్చి రాత్రి భోజనవేళ పిల్లలకు చెప్పుడు. బాలబాలికలారా! విన్నదానిని వచ్చిన తెలుగులోనే వ్రాసి తెండు. తప్పులు దిద్దుటకు మేమున్నాము. వ్రాయనిదానిని దిద్దుట మాత్రము మా చేత కాదు.