పేరు పేరునా అభినందనలు

జనవరి 26 దగ్గర పడుతోందంటే పిల్లలు బూట్లకు పాలిష్ పెట్టుకుంటారు, బడి గోడలకు రంగు కాగితాలు ఎక్కుతాయి. నాకు మాత్రం ఓటర్ల జాబితా గుర్తొస్తుంది. పల్లకీలో ఊరేగిన పెద్దల పేర్లు మనకు కంఠతా వచ్చు. ఈ పండగపూట నా అభినందన బోయీలకు.

1947 ఆగస్టు 15న కొలువుదీరిన తొలి మంత్రివర్గంలో ప్రధాని నెహ్రూతో కలిపి 14 మంది. కాంగ్రెస్‌తో ఏళ్ల తరబడి వాదులాడిన అంబేడ్కర్‌కు న్యాయశాఖ ఇచ్చారు. హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీకి పరిశ్రమలు, జస్టిస్ పార్టీలో పేరు తెచ్చుకున్న షణ్ముఖం చెట్టికి ఆర్థికం అప్పగించారు. ఆరోగ్యశాఖ చేపట్టిన రాజకుమారి అమృత్ కౌర్ ఒక్కరే మహిళ. మనవాళ్లా, కానివాళ్లా అని చూడకుండా పనిమంతులను పిలిచి పీట వేశారు. దానికి చేతులెత్తి మొక్కాలి. అయినా ఆ 14 మందినీ ఊరూరా జనం ఓటేసి పంపలేదు. అంతకుముందు ఓటంటే ఆస్తో, పన్ను రసీదో, చదువో ఉన్నవాళ్ల సొత్తు. జనం ఎన్నుకున్న ప్రభుత్వం కావాలంటే ముందు ఆ జనం ఎవరో రాసుకోవాలి.

రాజ్యాంగం ఇంకా చర్చల్లో ఉండగానే, 1948లోనే ఆ రాత మొదలైంది. దేశ విభజన దెబ్బకు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కాందిశీకులకు ఏ ఊరు చిరునామా రాయాలి? ఇకపై ఇక్కడే స్థిరపడతామని వాళ్లు మాటిస్తే చాలు, జాబితాలోకి తీసుకోమన్నారు. తలదాచుకునే చోటు కుదరనివాళ్లకు కూడా ఓటు దక్కాలన్న ఆ తలపు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1950 జనవరి 25న, గణతంత్రం పుట్టడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఎన్నికల సంఘం ఏర్పడింది. మార్చిలో దాని పగ్గాలు సుకుమార్ సేన్ అందుకున్నారు. లెక్కల్లో దిట్ట. ఆయన ముందున్న లెక్క కూడా అలాంటిదే: 21 ఏళ్లు నిండిన 17.3 కోట్ల మంది, అందులో చాలామందికి అక్షరం ముక్క రాదు. దానికో ఉపాయం చేశారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె, దాని మీద గుర్తు బొమ్మ. కాడెద్దులు కావాలంటే కాడెద్దుల పెట్టెలో, కంకి కొడవలి కావాలంటే ఆ పెట్టెలో కాగితం వేస్తే చాలు. గీత గీయక్కర్లేదు, వేలిముద్ర వేయక్కర్లేదు.

గుర్తుల సంగతి తేలింది కానీ పేర్ల దగ్గర చిక్కొచ్చింది. ఉత్తరాదిన చాలాచోట్ల ఆడవాళ్లు పరాయి మగవాడికి తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా అబ్బాయి తల్లిని అన్నారు. గుమాస్తాలు అలాగే రాసుకుపోయారు. మనకది వింతేం కాదు. మన ఊళ్లలోనూ పెద్దింటి కోడలు, కరణంగారి భార్య అంటూ పిలుపులతోనే ఒక ఆడమనిషి బతుకంతా గడిచిపోయేది. సేన్ మాత్రం ఒప్పుకోలేదు. సొంత పేరు రాయాల్సిందేనన్నారు. బిహార్‌లో గడువు నెలరోజులు పెంచారు కూడా. అయినా సుమారు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఓటు పోవడం అన్యాయమే. కానీ ఎవరో ఒకరి భార్యగా కాక నువ్వు నువ్వుగా రావాలి తల్లీ అని ఒక ప్రభుత్వం ఆడదాన్ని అడగడం ఈ నేల మీద అదే మొదలేమో! ఆ పట్టుదలే సరైనదని నా నమ్మకం. 1957 ఎన్నికల నాటికి ఆ లోటు చాలావరకు పూడింది.

1951 అక్టోబరు 25న హిమాచల్ కొండల్లో మొదలైన పోలింగ్ ఫిబ్రవరి దాకా సాగింది. తెలంగాణలో సాయుధ పోరాటం ఆగింది కూడా ఆ అక్టోబరులోనే. ఆ పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి, అక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అభ్యర్థిగా నల్గొండలో నిలబడ్డారు. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. నిన్నటిదాకా తుపాకీతో తలపడినవాళ్లనూ పోటీకి రానిచ్చి, గెలిస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఆ కొత్త రాజ్యం. 489 స్థానాల్లో 364 కాంగ్రెస్‌వే అయినా, 1952 మే 13న సభ కూడినప్పుడు ఎదుటి బెంచీలు ఖాళీగా లేవు.

ఎండలో గడపగడపా తిరిగిన గుమాస్తాలకు, పెట్టెలు మోసుకుంటూ కొండలెక్కినవాళ్లకు, చంకన బిడ్డతో వరుసలో నిలబడి సొంత పేరు పలికిన అమ్మలకు ఈ గణతంత్ర దినోత్సవాన పేరు పేరునా అభినందనలు. అప్పుడు మొదటిసారి ఓటేసినవాళ్లలో మిగిలినవాళ్లు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే, 26న పొద్దున్నే జెండా దగ్గర కుర్చీ వేయించండి. ఆవిడ పేరు అందరికీ వినబడేలా చెప్పి, తొలి మిఠాయి ఆవిడ చేతిలోనే పెట్టండి.