విల్కిన్సు దొర - గీతానువాదము

భగవద్గీతను సంస్కృతమునుండి ఆంగ్లమునకు మొదట తెచ్చినవాడు వర్తక సంఘమునందలి యొక లేఖకుడు. చార్లెస్ విల్కిన్సు 1749లో ఇంగ్లండునందలి ఫ్రోమ్ పట్టణమున జన్మించెను. 1770లో ఈస్టిండియా కంపెనీ కొలువున వంగదేశమునకు వచ్చి, పారసీకమును వంగభాషను నేర్చెను. 1778లో హాల్‌హెడ్ రచించిన వంగవ్యాకరణము హుగ్లీలో ముద్రితమైనప్పుడు, పంచానన కర్మకారుని తోడ్పాటుతో వంగలిపి అచ్చులను సిద్ధపరచినవాడితడే.

పిమ్మట సంస్కృతమునకు పూనుకొనెను. ఆ భాషకు ఆంగ్లమున నిఘంటువు గాని వ్యాకరణము గాని నాడు లేదు. కాశికిపోయి యొక బ్రాహ్మణ పండితునికడ శిష్యుడై చదివెను. మహాభారతమునంతను తెనిగించినట్లు ఆంగ్లీకరింపవలెనని అతని తలంపు. అది కొనసాగలేదు. అందలి గీతాభాగము మాత్రము, గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సు ప్రోత్సాహమున, 1785లో లండనులో వెలువడెను.

ఆ పనిలో అతనిని చిక్కుపరచిన మాటలలో యోగము ముఖ్యమైనది. యోగమన కలయిక. గీతలో సమబుద్ధియు యోగమే, పని చేయుటలోని నేర్పును యోగమే. తుదకు అర్జునుని దుఃఖమునకును విషాదయోగమని పేరు. మన యిండ్లలో మాత్రము ఎవనికైన అదృష్టము కలిసివచ్చిన, యోగము పట్టినదందుము! యూరపు చదువరులకు ఆ గ్రంథమును చూపువాడు తానొక్కడే. తాను తప్పుమాట వేసినచో దిద్దగలవాడు అక్కడ లేడు. విల్కిన్సు పలుచోట్ల ఆ పదమును అట్లే యుంచి, దాని నానార్థములను టిప్పణమున వివరించెను. గ్రంథమున అస్పష్టముగ మిగిలిన తావులు గలవనియు ముందుగనే ఒప్పుకొనెను. పాండిత్యమునకన్న ఈ యొప్పుకోలునకే నేనతనిని ఎక్కువగా గౌరవింతును. రెండేండ్లలో, 1787లో, ఆ యాంగ్లమునుండియే ఫ్రెంచి గీత పుట్టెను. టిప్పణము లేకున్న పొరపాటు ఎంతదూరము పోయెడిదో యోచింపుడు.

1786లో స్వదేశమునకు మరలి, మరుసటియేట హితోపదేశమును ప్రకటించెను. నాగరిలిపి అచ్చులను స్వహస్తములతో చెక్కి పోసి సంస్కృతవ్యాకరణమును ముద్రింప నారంభించెను. అంతలో అగ్నిప్రమాదమున ఇల్లు కాలిపోయెను. గ్రంథములు, మూసలు చాలవరకు దక్కినను, పోసిన అచ్చులు నాశమయ్యెను. ఆ వ్యాకరణము 1808లో గాని బయటికి రాలేదు. అప్పటికి అతడు లండనులో కంపెనీ గ్రంథాలయమునకు అధికారి.

1823లో జర్మను పండితుడు ష్లెగెల్ గీతను లాటినులోనికి మార్చి, యోగమునకు సందర్భమునుబట్టి వేర్వేరు పదములు వాడెను. ధర్మమునకును అంతే; ఒకచోట శాసనము, ఒకచోట విధి, మరియొకచోట న్యాయము. (మన వాకిట నిలిచిన భిక్షుకుడు అడుగు ధర్మము వేరు!) ఒక మాటను ఇన్ని ముక్కలు చేయుట తగదని ఫ్రెంచి పండితుడు లాంగ్లువా ఆక్షేపించెను. హంబోల్టు ష్లెగెలు పక్షమున సమాధానము వ్రాసెను. విల్కిన్సు వదలిన చిక్కు అట్లు మరల వాదమునకు వచ్చెను. వృద్ధుడైన విల్కిన్సు నాటికి సజీవుడే. 1833లో సర్ బిరుదమునంది, 1836లో లండనులో మరణించెను.